వంత పాడినవాడు

మీ తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఉన్న రోజుల్లో చిత్రసేనుడనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ సభలో సంగీతం వింటూ పెరిగారు. అక్కడ పాట సాగుతున్నంతసేపూ ఎవరూ కిక్కురుమనకూడదు. మూడోవాడు నీలకేతుడు. పుట్టగానే తల్లి పోతే, రేవులో పడవ నడిపే ఎర్రమ్మ పెంచింది. వాడిది బొంగురు గొంతు. పాట రాదు. ఎర్రమ్మ కూతురు ముత్యాలి పడవ మీద పాడుతుంటే వెనక నుంచి "హైలెస్సా" అని వంత మాత్రం కలిపేవాడు. ఒకసారి సభలోనూ అలాగే కలిపితే అందరూ నవ్వారు. పాపం, మళ్లీ సభ గడప తొక్కలేదు.

ఒకరోజు ఏడు సముద్రాల అవతలి నుంచి కంకాళుడనే మాంత్రికుడు నల్లగాలిలా వచ్చి, రాజ్యంలోని పాటలన్నీ మూటగట్టుకుపోయాడు. వంత ఒక్కటే వదిలేశాడు. అదీ ఒక పాటేనా అనుకున్నాడు. నాట్లు వేసేవాళ్లు మూగగా వంగి మూగగా లేచారు. తల్లులకు జోలపాట గుర్తు రాలేదు. పసిపిల్లలు నిద్రలేక వడలిపోతున్నారు.

పెద్దవాడు కత్తి తీసుకుని వెళ్లాడు, రాలేదు. రెండోవాడు సైన్యంతో వెళ్లాడు, రాలేదు. మూడోవాణ్ణి పంపనన్నాడు రాజు. వాడు ఎవరికీ చెప్పకుండా ఎర్రమ్మ పడవెక్కాడు.

మొదటి సముద్రం దాటాక మనిషి జాడ లేదు. రెండోది దాటాక పిట్ట జాడ లేదు. మూడోది దాటాక నీళ్లు తప్ప ఏమీ లేవు. తెడ్డు వేసినప్పుడల్లా అలవాటుగా "హైలెస్సా" అనేవాడు. ముందు పాట లేని వంత ఎంత దిక్కులేనిదో అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. చూసేవాళ్లెవరూ లేరు కదా, ఏడ్చేశాడు.

ఏడో సముద్రంలో ముసలి తాబేలు తల పైకెత్తింది.

"ఎవర్ని పిలుస్తున్నావు నాయనా?"

"ఎవర్నీ కాదు తాతా. అలవాటు."

తాబేలుకు జాలేసింది. కంకాళుడి ప్రాణం అతని దీవిలో పంజరంలోని చిలుకలో ఉందనీ, దాని మెడ నులిమితే పాటలు తిరిగొస్తాయనీ చెప్పింది. చిలుక ఒక్క చరణం పాడి ఆగుతుందట. అన్నలిద్దరూ సభలో లాగే మౌనంగా నిలబడ్డారట. ఆ నిశ్శబ్దం భరించలేక మాంత్రికుడు వాళ్లనూ వెంట వచ్చిన సైన్యాన్నీ రాళ్లు చేశాడట.

నీలకేతుడు దీవి చేరి చిలుకను చేతిలోకి తీసుకున్నాడు. అది పాట ఎత్తుకుంది. ముత్యాలి పాడే పడవపాటే. ఒక్క చరణం పాడి ఆగింది. మెడ నులమాల్సిన వాడు అలవాటుకొద్దీ "హైలెస్సా" అన్నాడు. చిలుక రెండో చరణం అందుకుంది. వంత దొరికిన ఆ పాట రెక్కలొచ్చినట్టు ఇంటిదారి పట్టింది. ఇంకో పాట, ఇంకో వంత. అలా అన్నీ ఎగిరిపోయాయి.

కంకాళుడు వచ్చాడు. మంత్రం వేయలేదు. నేల మీద కూలబడ్డాడు.

"ఇన్ని తెచ్చుకున్నాను. ఒక్కటీ రెండో చరణం దాకా రాలేదు. నాకు వంత పాడేవాళ్లెవరూ లేరు" అన్నాడు.

అదే ఏడు సముద్రాలు ఒంటరిగా దాటి వచ్చినవాడు నీలకేతుడు. వేళ్లు బిగించలేకపోయాడు. మా ఊరికి రమ్మన్నాడు.

"నన్ను చూస్తే మీ పిల్లలు జడుసుకుంటారు. దీన్ని తీసుకుపో. ఇది విన్నది నాకు వినబడుతుంది."

ప్రాణాన్నే పరాయివాడి చేతిలో పెట్టి, అన్నలనూ సైన్యాన్నీ మళ్లీ మనుషులను చేసి పంపాడు.

ఊళ్లో పిల్లలు నిద్రపోయారు. నీలకేతుడు ముత్యాలిని పెళ్లాడి, రాజై, తల నెరిసేదాకా ఏలాడు. చిలుక రేవులో ఉండేది. రోజూ పొద్దుగూకే వేళ ఒక చరణం పాడేది. రేవులో ఎవరుంటే వాళ్లు వంత కలిపేవారు.

ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. రేవులో మనిషన్నవాడు లేడు. చిలుక పాడింది, ఆగింది, ఎదురుచూసింది. ముసలిరాజు కర్ర ఊతంగా తడుస్తూ వచ్చి, ఆ బొంగురు గొంతుతోనే "హైలెస్సా" అన్నాడు.

ఏడు సముద్రాల అవతల ఒక ముసలాయన "ఉన్నారు" అనుకుని కళ్లు మూసుకున్నాడు, హాయిగా నిద్రపోయాడు. మీరూ పడుకోండి మరి.