పంటు మీది పాట

కోటిలింగం గారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరకదు, పని దొరుకుతుంది. గోదావరి ఇవతలి గట్టున సన్నాయి నేర్చుకున్నవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. శ్రుతి ఎందుకు కలవడం లేదని ఒకడు అడిగితే, వాడిచేత ఇల్లంతా ఊడిపించి, ఊడుస్తున్నంతసేపూ పక్కన శ్రుతిపెట్టె మోగిస్తూ కూర్చున్నారట. ఊపిరి ఎందుకు చాలడం లేదని అడిగినవాణ్ణి ఏట్లో ఈతకు పంపారట. అందుకే శిష్యులు ఆయన్ని ఏదైనా అడిగేముందు ఆ పూటకి తమకి వేరే పనేమీ లేదని చూసుకుని మరీ అడిగేవారు.

త్రిమూర్తులు అవేవీ చూసుకోలేదు. కోపంలో ఉన్నాడు మరి.

అతనేం కుర్రాడు కాదు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. గురువుగారికి ఊపిరి తగ్గి తాళాలు చేతపట్టాక, మేళంలో సన్నాయి బరువంతా అతనిదే. కీర్తన అడిగితే కీర్తన, సినిమా పాట అడిగితే సినిమా పాట, ఏదడిగితే అది నోట్లో నీళ్లూరేలా వాయించేవాడు. అలాంటివాడికి ఆ వేసవిలో సొంతంగా ఒక పాట పుట్టింది. పొలం గట్టు మీద నడుస్తుండగా మొదటి వరుస తోచింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా రెండోది కట్టాడు. ఆ రెండో వరుసలో పాట ఒక్కసారిగా పైకి లేచి, ఇంకా పైకి పోయి, ఇక మిగిలింది ఆకాశమే అన్నచోట ఆగేది. అంత పైన అంత తేటగా పలికించగల వేళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేవు. ఆ సంగతి అతనికీ తెలుసు.

ముందుగా గురువుగారికే వినిపించాడు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు, కళ్లు తెరిచారు, మజ్జిగ తాగడానికి లోపలికి వెళ్లిపోయారు. త్రిమూర్తులికి ప్రాణం ఉసూరుమంది. కోటిలింగం గారి చదువంతా ఒకటే మాట, 'తప్పు'. సరిగ్గా వాయిస్తే మాట్లాడరు, తప్పు వాయిస్తే తప్పంటారు. ఆ ఒక్క మాటతోనే పాతికమందిని విద్వాంసుల్ని చేశారాయన. అలాంటిది తన పాటకి తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు.

తర్వాత అవతలి గట్టున ఒక పెళ్లిలో, భోజనాల వేళ, ఎవరూ ఏమీ అడగని సమయం చూసి ఆ పాట మొదలుపెట్టాడు. రెండో వరుస ఆకాశం అందుకునేలోపే పంక్తిలోంచి ఒక పెద్దమనిషి పాయసం విస్తట్లో చెయ్యి ఆపి, "ఏవయ్యా, తెలిసిన పాట ఏదైనా వాయించు. అన్నం సయించడం లేదు" అన్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దే, కానీ పంక్తిలో కూర్చున్నవాళ్లకి ముద్దు కావాలని ఎక్కడుంది? త్రిమూర్తులు తెలిసిన పాటే అందుకున్నాడు. విస్తళ్లు ఎత్తేదాకా తల మాత్రం ఎత్తలేదు.

ఆ సాయంత్రమే, తిరుగుప్రయాణానికి రేవులో పంటు కోసం నిలబడి ఉండగా, గురువుగారిని అడిగేశాడు.

"గురువుగారండీ, ఇంకా ఎన్నాళ్లండి ఊళ్లోవాళ్ల పాటలు వాయించడం? మనలో ఉన్నది మనం వాయించుకోకూడదాండి? వాయిస్తే వాళ్లు వినరు, వాయించకపోతే నాకు అన్నం సయించదు. ఈ ముహూర్తాలు వెళ్లేలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పండి. లేదంటే సన్నాయి అటకెక్కించేసి మా బావమరిది సిమెంటు కొట్లో కూర్చుంటానండి."

డోలు భుజాన వేసుకుని పక్కనే నిలబడ్డ భీమేశు బిక్కచచ్చిపోయాడు. సన్నాయి లేని మేళంలో డోలు ఎవరికోసం వాయించాలో అతనికి తెలియదు.

"మొన్న వినిపించావు, దాని గురించేనా?" అన్నారు కోటిలింగం గారు.

"ఆయ్, దాని గురించేనండి. కనీసం అందులో తప్పేంటో అయినా చెప్పారు కాదు మీరు."

"దాంట్లో తప్పు చెప్పడానికి నాకేం తెలుసురా? చెప్పేవాళ్లు ఇంకా పుట్టలేదు" అన్నారాయన. ఇంతలో పంటు వచ్చి గట్టుకి ఆనింది. "ఒక పని చెయ్యి. గట్టు మీద ఉన్నంతసేపూ అడిగినవాళ్ల పాట వాయించు. పంటు ఎక్కినప్పుడల్లా నీ పాట వాయించు. నీదని మాత్రం ఎవరికీ చెప్పకు."

"ఎవరిదని అడిగితేనండి?"

"ఎవరూ అడగరులే."

ఆ ఏటి మీద వంతెన లేదు. ఇంజను పెట్టిన వెడల్పాటి చెక్కబల్ల, అదే పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, మేకలు, కొబ్బరి గెలలు అన్నీ దాని మీదే దాటాలి. అలాంటి సభలో త్రిమూర్తులు మొదటిసారి తన పాట వాయించాడు. చేపల బుట్ట మీద చెయ్యి వేసుకుని ఒకామె కునుకుతోంది. ఎవరిదో మేక మధ్యమధ్య శ్రుతి అందిస్తోంది. గురువుగారు తనని ఆటపట్టిస్తున్నారని అతనికి గట్టి అనుమానం. అయినా మాట జవదాటలేదు. ఆ ముహూర్తాలన్నీ, మధ్యలో మూఢం వెళ్లాక వచ్చిన ముహూర్తాలన్నీ, పంటు ఎక్కినప్పుడల్లా వాయించాడు. గురువుగారు చెప్పినట్టే ఎవరూ ఏమీ అడగలేదు. ఒకసారి టిక్కెట్లు కోసే మనిషి ఏదో కూనిరాగం తీస్తూ చిల్లర ఇచ్చాడు గానీ, త్రిమూర్తులు అప్పుడు చిల్లర చూసుకుంటున్నాడు.

మళ్లీ వేసవి వచ్చింది. ఇవతలి గట్టున ఒక పెద్ద పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు అవతలి గట్టువాడు. మగపెళ్లివారు మేళంతో సహా పంటు మీద వస్తారు, ఆడపెళ్లివారు మేళంతో రేవుకి ఎదురెళ్లి తీసుకురావాలి. రెండు మేళాలు ఎదురుపడే చోట మర్యాదలు తక్కువ, పంతాలు ఎక్కువ. అందులోనూ అవతలి మేళం ముసలయ్యది. పేరుకే ముసలయ్య, ఊపిరి మాత్రం కొలిమి తిత్తే. త్రిమూర్తులు పొద్దుటినుంచీ తెగ సాధన చేసి, సన్నాయి తుడుచుకుని, అదిగో ఇదిగో అంటూ రేవులో నిలబడ్డాడు. మనసులో ఇంకో మాట కూడా ఉంది. ఈ పెళ్లితో సరి. సిమెంటు కొట్టుకి వస్తానని బావమరిదికి కబురు పెట్టేశాడు.

పంటు నది మధ్యకి వచ్చేసరికి సన్నాయి వినపడింది. ఎక్కడో విన్న పాటే అనుకున్నాడు. ఇంకొంచెం దగ్గరికి వచ్చింది. అప్పుడు తెలిసింది. అది తన పాట. పొలం గట్టు మీద పుట్టిన పాట, అన్నం మానేసి కట్టిన పాట, కొత్త పెళ్లివారిని వెంటేసుకుని దర్జాగా ఏరు దాటి వస్తోంది. ఆ క్షణంలో అతనికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కానీ రెండో వరుస దగ్గర ఆ సంతోషం కాస్తా కంగారైపోయింది. అతను పైకి ఎక్కించినచోట ముసలయ్య కిందికి దిగాడు. మెల్లగా దిగి, కాస్త ఆగి, పడవ గట్టుకి ఆనినట్టు మొదటి వరుసలో కలిసిపోయాడు. 'పాడు చేశాడు' అనుకున్నాడు త్రిమూర్తులు.

ఇంతలో ఆడపెళ్లివారి గుంపులోంచి మాణిక్యమ్మ గొంతెత్తింది. ఆమె పెళ్లికూతురి మేనత్త. కాపురం అవతలి గట్టునే అయినా ఇవాళ మాత్రం పుట్టింటి పక్షం. వియ్యాలవారిని వేళాకోళం చేసే పాటల్లో ఆమెకి ఎదురులేదు. మగపెళ్లివారి మేళం వాయిస్తున్న పాటలోనే మాటలు పెట్టి వాళ్లకే తగిలించింది:

"పంటు దిగే పెళ్లివారికి పాదమైన తడవాలంట
పాదమైన తడవకుంటే పాయసం పెట్టొద్దంట"

ఆడవాళ్లంతా అందుకున్నారు. పాయసం మాట వినగానే పెళ్లికొడుకు తండ్రి, పట్టుపంచె మోకాళ్లదాకా ఎగ్గట్టి, బల్ల మీదనుంచి గట్టు మీదికి కాకుండా సరాసరి నీళ్లలోకి దిగాడు. ఆయన్ని చూసి బాబాయిలు, మేనమామలు దిగారు. పెళ్లికొడుకు కూడా దిగబోతే పారాణి పోతుందని ఎవరో రెక్క పట్టుకుని ఆపారు. రేవంతా నవ్వులే నవ్వులు.

"మన మేళం నోట్లో నీళ్లు పోసుకుని కూర్చుందేంటి? అందుకోండయ్యా" అంది మాణిక్యమ్మ.

త్రిమూర్తులు అందుకున్నాడు. తను కట్టింది కట్టినట్టు వాయించాడు. మొదటి వరుస దాకా ఆడవాళ్ల గొంతులు సన్నాయితో చక్కగా కలిసి వచ్చాయి. రెండో వరుసలో గొంతులు కిందికి దిగాయి, సన్నాయి పైకి పోయింది. పాట మధ్యకి చీలినట్టయింది. ఆడవాళ్లు ఆగిపోయారు, భీమేశు చెయ్యి డోలు మీదే ఆగిపోయింది, ఆకాశంలో సన్నాయి ఒక్కటే మిగిలింది.

"తప్పు, తప్పు" అంది మాణిక్యమ్మ. "ఎక్కడికయ్యా అలా ఎక్కిపోతావు? అక్కడ దిగాలి. ఇంత సన్నాయి నేర్చావు, ఈ పాట రాదా నీకు?"

మగపెళ్లివారు ఘొల్లుమన్నారు. తాతకి దగ్గులు నేర్పడమంటే ఇదే. భీమేశు ఉండబట్టలేక, "అదేంటండీ, అసలు ఆ పాట మా..." అంటూ మొదలుపెట్టాడు. త్రిమూర్తులు నోట్లోనూ అదే మాట ఉంది. ఇది నాది. ఒక్క మాట చాలు, రెండు గట్లవాళ్లూ అతనివైపు తిరిగి చూస్తారు. ఏడాదిగా అతను కోరుకున్నది అదేగా.

అలవాటు కొద్దీ గురువుగారి వైపు చూశాడు. ఆయన ఇటు చూడటమే లేదు. తెగిపోయిన పాట ఎక్కడ తెగిందో అక్కడే, తాళం వదలకుండా, ఎవరైనా అందుకుంటారేమోనని ఎదురుచూస్తున్నట్టు నెమ్మదిగా వేస్తూనే ఉన్నారు. త్రిమూర్తులు ఆ తాళం విన్నాడు. మాణిక్యమ్మ గొంతు వైపు చూశాడు, ఆమె వెనక ఉన్న గొంతులన్నిటి వైపూ చూశాడు. సన్నాయి ఎక్కినంత పైకి మనిషి గొంతు ఎక్కదు. తను వేళ్ల కోసం కట్టిన పాటని వీళ్లు గొంతుల కోసం కిందికి దించుకున్నారు. దించుకున్నాక దానికి ఒక సొంపు వచ్చింది. కాదనడానికి లేదు, తనకి తట్టని సొంపు.

భీమేశు భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. నీళ్లలోకి దిగి ముసలయ్య దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, ఆ రెండో వరుస ఒక్కసారి వాయించవా? నాకు తిన్నగా రావడం లేదు."

ముసలయ్య ముఖం చేటంత అయింది. పంతానికి వచ్చినవాడు పాఠానికి వస్తే ఎవరికి ముద్దు కాదు? వాయించి చూపించాడు. అంతటితో ఊరుకోకుండా, "ఇది ఈనాటి పాట కాదు తమ్ముడూ. మా తాత వాయించేవాడు. పాతకాలం పాటల్లో ఉన్న పస ఇప్పుడు కట్టేవాటిలో ఎక్కడుంది?" అన్నాడు.

త్రిమూర్తులికి నవ్వు తన్నుకొచ్చింది. సన్నాయి పట్టుకున్నవాడు నవ్వకూడదు, ఊపిరి చెదిరిపోతుంది. నవ్వంతా నవ్వేశాకే సన్నాయి నోటికి ఆనించాడు. ఈసారి దిగవలసినచోట దిగాడు. ముసలయ్య జత కలిశాడు, ఆడవాళ్లు గొంతు కలిపారు, భీమేశు కసినంతా డోలు మీద తీర్చుకున్నాడు. రెండు మేళాలూ ఒకే పాటతో ఊళ్లోకి కదిలాయి. మధ్యలో ఒకచోట త్రిమూర్తులు, దిగి వచ్చాక, పైకి కూడా ఒకసారి వెళ్లి వచ్చాడు, పాడేవాళ్లకి అడ్డం లేకుండా. ముసలయ్య కనుబొమలు ఎగరేసి, తర్వాతి చుట్టులో తనూ ప్రయత్నించాడు. అందలేదు. మాణిక్యమ్మ మాత్రం ఇద్దరినీ తప్పనలేదు.

మర్నాడు పొద్దున పెళ్లికూతురిని తీసుకుని మగపెళ్లివారు పంటు ఎక్కారు. ముసలయ్య మేళం ఆ పాటే వాయించుకుంటూ వెళ్తోంది. భీమేశు డోలుకి ఆనుకుని నిద్రపోతున్నాడు. గురుశిష్యులిద్దరూ గట్టు మీద కూర్చుని, ఇంజను మోతలో సన్నాయి కలిసిపోయేదాకా విన్నారు.

"గురువుగారండీ," అన్నాడు త్రిమూర్తులు, "నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పనే లేదండి."

"ఏం అడిగావు?"

"ఊళ్లోవాళ్ల పాట వాయించాలా, మన పాట వాయించాలా అనండి."

కోటిలింగం గారు తాళాలు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నారు. "నిన్న మాణిక్యమ్మ ఏమంది?"

"తప్పన్నదండి."

"తప్పు చెప్పేవాళ్లు పుట్టారు కదరా" అన్నారాయన లేస్తూ. "ఇంటికెళ్లి సాధన చెయ్యి."