పటికబెల్లం కరిగేదాకా

నీలవేణి చేసిన ఆటను ఇంతవరకు ఎవరూ పది నిమిషాలకు మించి ఆడలేదు.

ఉద్యోగం మానేసి, రెండేళ్లు ఒక్కతే కూర్చుని చేసింది. డాబా మీద ఎండబెట్టిన వడియాలను కోతుల బారి నుంచి కాపాడే ముసలమ్మ ఆట అది. నలభై డాబాలు, అరవై రకాల కోతులు. పొద్దెక్కేకొద్దీ గోడల నీడలు కూడా పొట్టివవుతాయి. ఇంత చేసినా, ఆడినవాళ్లందరూ "బాగుంది" అని జాయ్‌స్టిక్ కింద పెట్టేసేవారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది. ఇంటికి వెళ్లాక ఏడుపొచ్చేది.

చివరికి సికింద్రాబాద్‌లో పాత వీడియో గేములు కొని అమ్మే ఖాదర్ అలీ దగ్గర శిష్యురాలిగా చేరింది. అందరికీ ఆయన ఉస్తాద్. ముప్పై ఏళ్లలో ఆయన చేతుల మీదుగా వెళ్లని గేము లేదంటారు. అయితే మూడు నెలలుగా ఆయన ఆమె చేత డిస్కులు తుడిపించాడే గానీ, ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేదు.

ఆ శనివారం ఆమె ఇక ఊరుకోలేదు.

"ఉస్తాద్, సోమవారం మళ్ల పాత కంపెనీల చేరుతున్న. ఆట చెరిపేస్త. పోయేముందు ఒక్కటి చెప్పుండ్రి. ఆటల మజా యాడికెల్లి వస్తది?"

"నీ ఆట తెచ్చినవా బేటీ?"

"ల్యాప్‌టాప్‌ల ఉంది."

"ఉండనీ," అని ఆయన మళ్లీ పనిలో పడ్డాడు.

కాసేపటికి కాలేజీ అమ్మాయిలిద్దరు వచ్చారు. అక్క పేరు రూత్, చెల్లెలు రేచల్. చిన్నప్పటి కార్ల రేసు గేము అమ్మడానికి తెచ్చారు. ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ గేము అమ్మినా, అక్కడే కూర్చుని చివరిసారి ఆడాలి. డిస్కు నడుస్తుందో లేదో చూడాలి గదా అంటాడు ఉస్తాద్.

అక్కచెల్లెళ్లు ఆడారు. ఒకరి భుజం ఒకరు తోసుకున్నారు, అరిచారు, తిట్టుకున్నారు. అరగంట తర్వాత రేచల్ డిస్కు తీసి బ్యాగులో పెట్టేసుకుంది.

"అంకుల్, ఇది అమ్మం."

"సరే బిడ్డా," అన్నాడు ఉస్తాద్. బేరం పోయిందన్న చింత ఆయన మొహంలో మచ్చుకైనా లేదు.

నీలవేణికి చిర్రెత్తింది. "దాంట్ల ఏమున్నది ఉస్తాద్? కార్లు అగ్గిపెట్టెల లెక్క ఉన్నయి."

ఆయన వెళ్లబోతున్న అక్కచెల్లెళ్లను ఆపాడు. "ఇంకొకటి ఉన్నది, ఆడి పోతరా బిడ్డా?" అని అడిగాడు.

ఆయన సైగ చేయగానే నీలవేణి తన ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపింది. రూత్ జాయ్‌స్టిక్ పట్టుకోగానే వెనకాల నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"ఫస్టు మెట్లెక్కు. కాదు కాదు, కోతి అటు దిక్కున్నది. కర్ర తీస్కో. ఆగు, ఆ నీడ చూడు, ఎంత మంచిగొచ్చిందో..."

రూత్ ఒక్కో అడుగుకూ వెనక్కి తిరిగి ఆమె మొహం చూస్తోంది. రేచల్ అప్పటికే ఫోను తీసింది.

ఉస్తాద్ లేచాడు. దర్గా నుంచి తెచ్చిన పటికబెల్లం సీసా తెరిచి, అన్నిటికన్నా పెద్ద ముక్క ఏరి నీలవేణి చేతిలో పెట్టాడు.

"నోట్లె ఏస్కో. కొరకొద్దు. కరిగేదాకా మాట్లాడొద్దు."

గురువు మాట కాదనలేక వేసుకుంది. బుగ్గ బూరెలా ఉబ్బింది.

అంతలో టీవీలో ముసలమ్మ కర్ర తగిలి, డాబా మీది నీళ్ల బకెట్ ఒలికింది. ముసలమ్మ కాలు జారి, డాబా పొడుగునా సర్రున జారుకుంటూ పోయి, పక్కింటి నీళ్ల తొట్టిలో పడింది. నీలవేణి తల పట్టుకుంది. అది ఆటలో తప్పు. ఆరు నెలలు తంటాలు పడినా సరిచేయలేకపోయింది. క్షమించమని అడగబోతే "మ్... మ్..." అని మాత్రమే వచ్చింది.

రేచల్ ఫోను పక్కన పడేసింది. "ఏయ్, మళ్ల జార్చు!"

మళ్లీ జారింది. ఇక పందెం మొదలైంది. ఎవరి ముసలమ్మ ఎక్కువ దూరం పోతుందని. కోతులు వడియాలన్నీ తినేశాయి, పట్టించుకున్నవారు లేరు. ఈసారి ముసలమ్మ తొట్టి దాటి, అవతలి డాబా మీది నులక మంచంలో కూర్చుంది. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు.

నీలవేణికి మొదట కోపమే వచ్చింది. అరవై రకాల కోతుల్లో ఒక్కదాన్నైనా చూడరేం? అప్పుడు రేచల్ అక్క చేతిలోంచి జాయ్‌స్టిక్ లాక్కోవడం కనిపించింది. తన ఆట కోసం ఇంతవరకు ఎవరూ కొట్లాడుకోలేదు. ఆమె గుండె నిండిపోయింది. నోట్లో ముక్క ఎప్పుడు కరిగిపోయిందో ఆమెకు తెలియలేదు.

ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "సోమవారం కంపెనీకేనా బేటీ?"

నీలవేణి చూపు ఆ అమ్మాయిల మీద నుంచి కదల్లేదు.

"ఈడికే వస్త ఉస్తాద్. ఆటల ఇంకో రెండు తొట్లు పెట్టుకొని వస్త."