వరాలు వాళ్ళింటి ల్యాబు జాగ్రత్తలు

మా వీధి చివర నూకయ్య ఇంట్లో అందరూ తెలివైనవాళ్ళే. ఆ మాట వాళ్ళే చెబుతారు. "ఒక్కసారి చెబితే చాలు, అక్షరం పొల్లుపోనివ్వం" అంటాడు నూకయ్య. భార్య రత్నాలు తలూపుతుంది. అదే ఇంట్లో ఉండే ఆమె తమ్ముడు గంగులు మా ఊరి బస్సుకి కండక్టరు. అతను ఇంకా గట్టిగా ఊపుతాడు.

ఆ ఇంటి పిల్ల వరాలుకి ఓ చిక్కొచ్చిపడింది. బడి ల్యాబులో అమ్మోనియా సీసా మూత తీసి నేరుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. సన్యాసిరావు మాస్టారు మండిపడ్డాడు. "జాగ్రత్తలు బాగా అలవాటు చేసుకో. ఇంకొక్కటి తప్పావో, ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వను!"

పరీక్ష పోతే పిల్ల చదువు అక్కడితో సరి. వరాలు వెక్కి వెక్కి ఏడ్చింది.

"దీనికేటే ఏడుపు? ఇంటిల్లిపాదీ అలవాటు చేసేసుకుందాం" అన్నాడు నూకయ్య.

అంతే! పేరు లేని సీసా ముట్టుకోకూడదట. డబ్బాలన్నిటికీ అన్నం మెతుకులతో చీటీలు అంటించారు. "మరి మనకో?" అన్నాడు గంగులు. నిజమే కదా! తలా ఒకటి నుదుటి మీద అంటించుకున్నారు. 'నాన్న', 'అమ్మ', 'మావయ్య', 'వరాలు'. ఒక పాత డబ్బాలో ఏముందో మాత్రం ఎవరికీ తెలీదు. అలాంటివాటికి మాస్టారు చెప్పిన పద్ధతి వేరే ఉంది. 'తెలియనిది, ముట్టరాదు' అని రాసి అంటించి, ఎవరికీ అందని ఎత్తున పెట్టాలి. గంగులు దాన్ని కర్రతో తోసి తోసి అటకెక్కించాడు.

ఏదీ రుచి చూడకూడదట. రత్నాలు ఉప్పు చూడకుండానే పులుసు దించింది. తినేవాళ్ళు మాత్రం చూడొచ్చా? నాలుక్కి తగలకుండా మింగబోయి నూకయ్యకి పొలమారింది.

ఆసిడ్‌లో నీళ్ళు పోయకూడదట, నీళ్ళలోనే ఆసిడ్ పోయాలట. "ఆసిడ్లు పుల్లగా ఉంటాయని చెప్పారమ్మా" అంది వరాలు.

"ఓలమ్మో! మరి మన పెరుగో?" రత్నాలు గుండె మీద చెయ్యేసుకుంది. ఇన్నేళ్ళూ పెరుగులో నీళ్ళు పోసి చిలికింది! ఇంకేముంది, కుండెడు పెరుగూ తీసుకెళ్ళి పెరట్లో నీళ్ళతొట్టిలో కొద్దికొద్దిగా, కలుపుకుంటూ పోసేసింది.

సరిగ్గా అప్పుడే, పిల్ల ఏం చేస్తోందో చూద్దామని మాస్టారు వచ్చాడు. అన్నం పెట్టారు. కంగారులో పులుసు చుక్క ఒకటి ఆయన చొక్కా మీద పడింది.

"పుల్లనిది పడింది! నీళ్ళు ధారగా పొయ్యండి!" అని అరిచింది వరాలు. నలుగురూ బిందెలతో తొట్టి దగ్గరికి పరిగెత్తారు. అందులో ఉన్నది మజ్జిగాయె. పాపం మాస్టారు తలనుంచి కాళ్ళదాకా తెల్లబడ్డాడు.

ఆయనకి కోపం కూడా రాలేదు. "నాయనా నూకయ్యా, ఈ జాగ్రత్తలు పాటించాల్సింది ఇంట్లో కాదు, ల్యాబులో! రేపే పరీక్ష, పిల్లని పంపు" అన్నాడు.

"అలాగా? అయితే అందరం ల్యాబుకే పోదాం" అన్నాడు నూకయ్య.

మర్నాడు నలుగురూ నుదుటి చీటీలతో ల్యాబులో దిగారు. పొరుగూరి నుంచి వచ్చిన పరీక్షాధికారి ప్రశ్నాపత్రం అందించాడు. వరాలు చేతులు వెనక్కి లాక్కుంది. "మీకు చీటీ లేదండి."

ఆయన పేరు ఎవరికి తెలుసు? నూకయ్య జేబులోంచి ఇంకో 'తెలియనిది, ముట్టరాదు' చీటీ తీసి ఆయన నుదుటి మీద ఠపీమని అంటించాడు. వరాలు పట్టకారుతో ప్రశ్నాపత్రం అందుకుంది. బస్సు వేళైందని గంగులు వెళ్ళిపోయాడు. అధికారికి ఇదంతా అయోమయంగా తోచింది. కానీ ఆ పిల్ల ప్రయోగంలో వెతికినా తప్పు దొరకలేదు. మార్కులన్నీ వేసేసి, ఆ అయోమయంలోనే బస్సు కోసం పరిగెత్తాడు. చీటీ సంగతే మరిచిపోయాడు.

వరాలు పరీక్ష గట్టెక్కింది! మాస్టారు సంతోషం పట్టలేక, అధికారికి దండం పెట్టి సాగనంపుదామని వెనకాలే వెళ్ళాడు.

బస్సులో అన్ని సీట్లూ ఖాళీ. అధికారి మాత్రం టాపు మీద, కొబ్బరి బస్తాల మధ్య, నుదుటి చీటీతో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. కింద గంగులు కర్ర పట్టుకుని నిలబడి గర్వంగా అన్నాడు:

"నేను ముట్టుకోనేదు మాస్టారూ! కర్రతోనే ఎక్కించాను."