కాకినాడకి మూడు రైళ్ళు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పలేదని నాకు తెలుసు. చెప్పేవాళ్ళున్న ఊరికి మనం చాలా దూరంగా ఉన్నాం. అందుకే కాస్త శ్రద్ధగా వినండి.

రాజమండ్రి రైలుస్టేషనులో, రేకుల కప్పు కింద, ఇనుప దూలం చివర గువ్వమ్మ అనే పావురం గూడు ఉండేది. అందులో ఇంకా ఈకలైనా రాని కూనలు రెండు. వాటి తండ్రి మొన్నటి గాలివానకి పోయాడు. ఆ స్టేషను పావురాలకి రైళ్ళే గడియారం. ఒక రైలు వెళ్ళి ఇంకోటి వచ్చేదాకా ‘ఒక రైలు సేపు’.

స్టేషను గోదాము మూసేసి రెండు రోజులైంది. ఎక్కడా గింజ లేదు. కాకినాడ రేవులో అయితే ఓడలకెక్కించే బస్తాల్లోంచి బియ్యం రాలతాయి. వెళ్ళక తప్పదు. కానీ కింద టీకొట్టు దగ్గర మీసాలరావనే గండుపిల్లి కాచుక్కూర్చున్నాడు. గువ్వమ్మ ఉండగా దూలమెక్కితే ఒక్క రెక్క దెబ్బకి కింద పడతాడు. ఆమె లేకపోతే అడ్డెవరు?

పొద్దున్నుంచీ ఆమె స్టేషను మీది జెండానే చూస్తోంది. ఎండ ముదిరాక జెండా పడమటికి ఎగిరింది. కాకినాడ వైపునుంచి సముద్రపు గాలి మొదలైంది.

“గాలికి ఎదురెళ్ళి, గాలితో వచ్చేస్తా నాన్నా. కదలకండి,” అని కూనల చెవిలో చెప్పి రెక్క విప్పింది.

“ప్రయాణమాండీ వదినగారూ?” కిందనుంచి మీసాలరావు.

“ఆయ్, కాకినాడ దాకానండీ.”

“అమ్మో! ఎంత దూరమండీ?”

“రోడ్డు మీదైతే అరవై కిలోమీటర్ల పైమాటేనంటారు. మనకి మలుపులుండవు కదండీ, కాస్త తక్కువే.”

“దూరం సరే, ఎంతసేపు పడుతుందేంటి?”

గువ్వమ్మ ఇంకోసారి జెండా వైపు చూసింది. అబద్ధం ఆమె నోట రాదు. “ఇవాళ వెళ్ళడానికి మూడు రైళ్ళ సేపండీ. తినడానికి ఒకటి.”

“మూడూ ఒకటీ, మళ్ళీ మూడూ... ఏడు!” మీసాలు దువ్వుకున్నాడు. “నింపాదిగా రండి. పిల్లల్ని నేను చూసుకోనూ!”

రావడానికి ఎంతసేపో అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఎదురుగాలికి రెక్కలు ఊడిపోతాయనిపించింది. రేవులో గొంతు నిండా బియ్యం నింపుకుని వెనక్కి తిరిగిందో లేదో, అదే గాలి వీపు మీద చెయ్యేసి తోసినట్టు తోసింది. అయినా దారంతా ఒకటే బెంగ. వాడు ఒక రైలు ముందే లేస్తే?

మీసాలరావు లేవలేదు. దూలం కాలిపోతోందని, ఇంకా బోలెడు సమయముందని కునుకు తీశాడు. ఐదో రైలు కూతకి లేచి, ఒళ్ళు విరుచుకుని, దూలమెక్కాడు. సగం దూరం వెళ్ళాడో లేదో చెవి పక్కనే రెక్కల చప్పుడు.

“అదేంటండీ వదినగారూ! ఇంకా రెండు రైళ్ళున్నాయి కదా!”

“వెళ్ళడానికి మూడన్నానండీ. రావడానికి ఒక్కటే. మీరు అడిగితేగా!” అంటూ ఫట్టుమని రెక్కతో కొట్టింది.

మీసాలరావు పోయి పోయి టీగ్లాసులు కడిగే తొట్టిలో పడ్డాడు. ఆ మీసాలు ఆరడానికి ఎన్ని రైళ్ళు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. పైన కూనలు రెండూ అమ్మ గొంతులో ముక్కులు దూర్చేశాయి.

నీతి: దూరం రెండువైపులా ఒక్కటే అయినా గాలి ఒక్కటి కాదు, వెళ్ళిన లెక్కతో వచ్చే లెక్క కట్టకూడదు.

ఇది మీ దగ్గరే ఆపెయ్యకండి. మీకంటే చిన్నవాళ్ళు కనిపిస్తే, తొట్టితో సహా, తెలుగులోనే చెప్పండి.