మిల్లు దగ్గరి మలుపు

ఒరెస్తెకి వచ్చిన చిక్కల్లా అతను సొంత ఊళ్ళో గెలవడం. ఇంకెక్కడ గెలిచినా కప్పు పుచ్చుకుని మర్నాడే రైలెక్కేవాడు. వల్నేరాలో గెలిచాడు కనక కదల్లేకపోయాడు.

ఇది కార్ల పందేలు కొత్తగా మొదలైన రోజుల నాటి మాట. వల్నేరా ఇటలీలో ఒక చిన్న పట్నం. పందేనికని విడిగా బాట ఉండేది కాదు. మామూలు మట్టిరోడ్లనే ఒక రోజుకి మూసేసి, వాటి మీదే చుట్లు తిప్పించేవారు. డ్రైవరు పక్కన మెకానిక్ కూడా కూర్చోవాలి. చేత్తో ఆయిలు పంపు కొడుతూ ఉండడం, వెనక ఎవరైనా తరుముకొస్తుంటే డ్రైవర్ని మోచేత్తో పొడిచి చెప్పడం అతని పని. ఒరెస్తె పక్కన కూర్చునే మెకానిక్ బాసిలియో. అరవై దగ్గరపడ్డ మనిషి. ఒకప్పుడు తనే డ్రైవరు, మోకాలు విరిగాక పక్క సీట్లోకి మారాడు. ఒరెస్తెకి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. కంపెనీ కారు ఎవరికివ్వాలో తేల్చేదీ ఆయనే.

ఆదివారం పందెంలో ఆఖరి చుట్టు దాకా లెఫోర్ అనే ఫ్రెంచివాడు ముందున్నాడు. ఎండలు మండిపోతున్నాయి. కార్లు లేపిన దుమ్ములో రోడ్డన్నది కనబడడం లేదు. అలాంటప్పుడు డ్రైవర్లు కిందికి కాదు, పైకి చూసేవారు. దుమ్ము పైన చెట్ల కొసలు ఎటు తిరిగితే రోడ్డూ అటు తిరిగినట్టు. చెట్లు లేనిచోట దేవుడే దిక్కు. పిండిమిల్లు దగ్గరి మలుపులో చెట్లు లేవు. లెఫోర్ అక్కడ వేగం తగ్గించాడు. ఒరెస్తె తగ్గించలేదు. దుమ్ము మీదుగా మిల్లు ఎర్రపెంకుల కప్పు కుడిపక్కన కనబడగానే, మనసులో మూడు లెక్కపెట్టి స్టీరింగు తిప్పేశాడు. ఫ్రెంచివాణ్ణి అక్కడే దాటాడు. పదకొండు సెకన్ల తేడాతో గెలిచాడు.

ఊరు ఊరంతా అతన్ని భుజాలకెత్తుకుంది. మేయరు ఏడ్చాడు. ఆయన పెళ్ళిళ్ళలోనూ ఏడుస్తాడు, ఎడ్ల సంతలోనూ ఏడుస్తాడు, అది వేరే సంగతి.

తర్వాతి పందెం మూడు వారాల్లో, ఫ్రాన్సులో. కొత్త ఊరికి ముందుగా వెళ్ళి రోడ్డు చూసుకోవడం బాసిలియో పద్ధతి. మంగళవారం రైలుకే బయల్దేరాలన్నాడు.

సోమవారం పొద్దున కాఫీ కొట్లో ఒరెస్తె అసలు మాట బయటపెట్టాడు.

"నేను పందేనికి రెండు రోజుల ముందు వస్తాను గురువుగారూ. ఇక్కడ విందులున్నాయి. మేయరు గారిది, మిల్లు వాళ్ళది, మా మేనమామది. కాదంటే బాగుండదు."

"మరి రోడ్డో?"

"రోడ్డు ఎక్కడైనా రోడ్డే కదండీ. నిన్న చూశారుగా, ఆ దుమ్ములో కళ్ళు మూసుకుని తిప్పాను."

"చూశాను. పక్కనే ఉన్నాను."

ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. ఒరెస్తెకి కొంచెం బెదురు పుట్టింది. ఆ కారు తమకిమ్మని అడిగేవాళ్ళు ఇంకో ఇద్దరున్నారని అతనికి తెలుసు. వాళ్ళకి ఏ ఊళ్ళోనూ విందులు లేవు.

"అయితే ఏమంటారు?"

బాసిలియో కప్పు అడుగున మిగిలిన కాఫీ కూడా తాగి లేచాడు. "కారు తీయి. ఒక్క చుట్టు తిరిగొచ్చాక చెబుతాను."

ఒరెస్తె కారు తెచ్చి, నిన్న వెళ్ళిన వైపుకే ముఖం పెట్టాడు. బాసిలియో ఎక్కి కూర్చుని వేలితో వెనక్కి చూపించాడు.

"అటు కాదు. ఇటు."

"కారులో ఇటు నుంచి ఎప్పుడూ వెళ్ళలేదే."

"రోడ్డు ఎక్కడైనా రోడ్డే అన్నావుగా."

ఒరెస్తె నవ్వాడు. చిన్నప్పుడు ఆ దారిన అటూ ఇటూ వెయ్యిసార్లు నడిచినవాడు. ఎద్దుబండిలో పిండిమూటల మీద పడుకుని వచ్చినవాడు. కారు తిప్పి వేగం పెంచాడు. రెండు పక్కలా మొక్కజొన్న మనిషెత్తున ఉంది. ముందు ఏముందో కనబడదు. అయినా భయం లేదు. మిల్లు కప్పు కోసం చూస్తున్నాడు. అది కనబడాలి, మూడు లెక్కపెట్టాలి.

కప్పు కనబడింది. ఒకటి, రెండు అనుకున్నాడు.

మలుపు మిల్లుకి ఇవతలే వచ్చేసింది.

కారు నేరుగా మొక్కజొన్నలోకి పోయింది. కర్రలు పటపటా విరిగాయి, రేడియేటరు మీద కంకులు పడ్డాయి, ఇంజను ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. చేలో కలుపు తీస్తున్న ముసలామె నడుం పట్టుకుని లేచి, దగ్గరికొచ్చి చూసింది.

"మన ఒరెస్తేనా? నిన్న ఇక్కడే కదా నాయనా నువ్వు గెలిచింది. మావాళ్ళంతా టోపీలు ఎగరేశారు." చేను కేసి ఒకసారి చూసుకుని అడిగింది. "ఇవాళ ఎవరితో పందెం?"

బాసిలియో కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. తుడవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కుంటుకుంటూ దిగి, కారు లాగడానికి ఎద్దుల జత దొరుకుతుందేమోనని ముసలామెని అడిగాడు.

ఎద్దులు వచ్చేలోపు ఒరెస్తె మలుపు దాకా నడిచాడు. అటు నుంచి ఒకసారి చూశాడు. ఇటు నుంచి ఒకసారి చూశాడు. రోడ్డు మధ్యలో కూర్చుని, కారు సీటు ఎత్తు నుంచి కూడా చూశాడు. పాలబండి వాడు పక్కకి తప్పుకోమని గొణుక్కుంటూ పోయాడు.

తిరిగి వచ్చి గురువు ముందు నిలబడ్డాడు.

"రేపు రైలు ఎన్నింటికండీ?"

"పొద్దున ఆరున్నరకి."

"విందులు వద్దని మా మావయ్యతో చెప్పిస్తాను."

బాసిలియో తల ఊపాడు. "గట్టి బూట్లు తెచ్చుకో. అక్కడ మొదటి వారం నీకు కారివ్వను."