మూత పెట్టిన గిన్నె

ఫణీంద్ర డాక్టరుకి చదువుతోపాటు కాస్త మిడిసిపాటూ అబ్బింది. పెద్దపేగు కాన్సర్‌లో మూలకణాల మీద పరీక్షలో ఆరు పేజీలు రాసి, అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. మందులకి తక్కిన కణాలు చచ్చినా ఇవి కొన్ని నక్కి ఉంటాయనీ, గడ్డని మళ్ళీ మొదట్నుంచీ పెంచగలవనీ రాశాడు.

ఒకరోజు, అదే కాన్సర్‌కి వైద్యం చేయించుకున్న మగ్గం పనివాడు రాజమల్లు స్కాన్ వచ్చింది. ఆపరేషనూ అయింది, మందులెక్కించడమూ అయింది. స్కాన్‌లో ఎక్కడా ఏమీ లేదు.

"సారూ, భీవండిల మగ్గాల పని దొరికింది. ఇగ దవాఖానకు వచ్చుడు లేదు గదా?"

"ఇంకెందుకయ్యా, జబ్బు పోయింది. నిశ్చింతగా వెళ్ళు. రేపొచ్చి కాగితాలు తీసుకో" అన్నాడు ఫణీంద్ర. రాజమల్లు కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతి ఇందుమతి మేడమ్‌కి గొప్పగా చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఈ జబ్బుతోనే కుస్తీ పడుతున్న డాక్టరు, అతనికి ఆపరేషన్ కత్తి పట్టడం నేర్పిన గురువు. ఆవిడ మెచ్చుకోనూ లేదు, కోప్పడనూ లేదు. తన పెరుగు గిన్నె అతని ముందుకి జరిపింది.

"దీన్ని ఖాళీ చెయ్యి నాయనా."

అతను అడుగంటా గీకి తిన్నాడు.

"ఏమైనా ఉందా?"

"ఏం లేదు మేడమ్."

ఆవిడ ఆయా చేత గోరువెచ్చటి పాలు తెప్పించి, ఆ గిన్నెలోనే పోసి, మూతపెట్టి బీరువా మీద ఉంచింది. "తోడు వెయ్యలేదు, చూశావుగా" అని వార్డుకి వెళ్ళిపోయింది. పెద్దావిడకి చాదస్తం ముదిరిందనుకున్నాడు ఫణీంద్ర.

మర్నాడు పొద్దున్నే రాజమల్లు సంచితో సహా వచ్చేశాడు. అటునుంచి అటే రైలెక్కుతాడట. 'జబ్బు లేదు, మళ్ళీ రానక్కర్లేదు' అని రాసి ఫణీంద్ర సంతకం పెట్టబోతుంటే, ఇందుమతి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మూత తియ్యి."

తీశాడు. పెరుగు గట్టిగా తోడుకుంది. గిన్నె వంచినా కదల్లేదు.

ఫణీంద్రకి పరీక్షలో తను రాసిన ఆరు పేజీలు గుర్తొచ్చాయి. కాగితం మీద రాసింది కొట్టేశాడు.

"పనికి వెళ్ళు రాజమల్లూ. కానీ మూణ్ణెల్లకోసారి వచ్చి పరీక్ష చేయించుకోవాలి. మీ సేటుకి నేను చీటీ రాసిస్తాను."

"నిన్న పోయిందన్నరు గద సారూ?"

"నిన్న నాకు కనబడలేదు, అంతేనయ్యా" అన్నాడు ఫణీంద్ర.

ఇందుమతి కుర్చీ లాక్కుని, చీటీ రాయడానికి అతనికి తన పెన్ను ఇచ్చింది.