సంబంధం కోసం బయటపడ్డ మాగాణి

నలుగురిలో గట్టిగా మాట్లాడటంలో తనంతటివాడు లేడని గానుగ సింగన్నకు నమ్మకం. దాన్ని అతడు గొప్ప అనుకోడు. వెనక కూర్చున్నవాళ్ల మీద దయ అనుకుంటాడు.

ఊరి పెద్ద కొండల్రాయుడు ఏడాదంతా నూనె అరువు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు. ఆ డబ్బు రాకపోతే సింగన్న గానుగెద్దును అమ్ముకోవాలి. సింగన్న ఫిర్యాదు విని ధర్మాధికారి పిలిపిస్తే రాయుడు చిరుగుల పంచె కట్టుకుని వచ్చాడు.

"నాకు జానెడు నేల లేదు ప్రభూ!"

"ఆస్తి ఎక్కడుందో చూపించు సింగన్నా, జప్తు చేయిస్తాను" అన్నాడు ధర్మాధికారి.

రాయుడి పొలాలన్నీ ఎవరెవరి పేర్ల మీదో ఉన్నాయి. ఎక్కడని వెతకడం? మర్నాడు సింగన్న, రాయుడి కొడుక్కి పిల్లనిస్తానన్న పొరుగూరి పెద్దిరాజును ధర్మాధికారి సభకు వెంటబెట్టుకొచ్చాడు.

"రాయుడుగారూ, నిన్నటి మాట మళ్లీ సెలవివ్వండి. మీ కాబోయే వియ్యంకులూ వింటారు."

రాయుడు పంచె చిరుగులు దాచుకోబోయాడు.

"వారికి జానెడు నేల కూడా లేదటండి" అని సింగన్నే చెప్పాడు.

పెద్దిరాజు కండువా దులుపుకుని లేచాడు. "మరి మా అమ్మాయి ఏం తిని బతుకుతుందయ్యా?"

"ఆగండి బావగారూ! ఏటిగట్టు మాగాణి బావమరిది పేరున ఉందంతే, నాదే! మామిడితోట మా అత్తగారి పేరున ఉన్నా కాయలన్నీ మా ఇంటికే వస్తాయి!"

ధర్మాధికారి గంటం అందుకున్నాడు. "ఇంకేమైనా ఉన్నాయా రాయుడూ? మొహమాటపడకు."

సాయంత్రానికి బాకీ తీరింది. సంబంధమూ నిలిచింది.

మర్నాడు గానుగ తిరుగుతుండగా రాయుడి పాలేరు పెద్ద కుండతో వచ్చాడు. "పెళ్లి వంటలకు నూనె కావాలి సింగన్నా. డబ్బు పెళ్లయ్యాక ఇస్తారట."

సింగన్న కుండ నింపాడు. అరువడిగినవాడికి లేదని చెప్పడం అతనికి ఇంకా రాలేదు.